అధ్యాయం 7: గ్రేడు వేరు, దిగుబడి వేరు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక జీడిపప్పు పరిశ్రమ. మధ్యాహ్నం రెండు దాటింది. పొడవాటి బల్ల మీద తెల్లటి పప్పు కుప్పగా పోసి ఉంది. బల్లకు అటూ ఇటూ ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకామె చేతి వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. కుప్పలోంచి గింజ తియ్యడం, గిన్నెలోకి జార్చడం, అంతే. తూకం లేదు, కొలబద్ద లేదు. పెద్ద గుండ్లు ఒక గిన్నెలోకి, కాస్త చిన్నవి ఇంకో గిన్నెలోకి వెళ్తున్నాయి. బద్దలు, ముక్కలు వేరు. వేడి ఎక్కువై ఎర్రబడ్డవి మరీ వేరు. చెయ్యి ఆపకుండానే ఆమె అడిగింది.

"మాస్టారూ, మా గుంటడు ఏడు సదుగుతన్నాడు. పలాసలో ఒక బడికి దేశంలోనే ర్యాంకొచ్చిందంట, బేనరు కట్టారు. ఫీజు సూస్తే గుండి ఆగిపోతంది. ఏటి సెయ్యమంతారు?"

"ముందు నువ్వొకటి చెప్పు తల్లీ. ఈ 240 రకం, ఆ 320 రకం కంటే రుచిగా ఉంటుందా?"

ఆమె నవ్వింది. "రుసి ఒకటే. ఇది లావు, అది సన్నం."

"మరి గ్రేడు చూసి ఇది మంచి తోట పిక్క, అది చెడ్డ తోట పిక్క అని చెప్పగలవా?"

"అదెలాగ తెలుస్తాది? తోట సంగతి తెలవాలంటే బస్తాకి ఎంత పప్పు దిగిందో సూడాల."

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది. మిగతాది వివరమే.

జీడిపప్పు గ్రేడులో అంకెకు అర్థం ఒక్కటే: ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయి అని. 180 అంటే పెద్ద గింజ, 320 అంటే చిన్న గింజ. ఆ అంకెలో రుచి లేదు, చెట్టు వయసు లేదు, రైతు పడ్డ కష్టం లేదు. పిక్కలు కొనే వ్యాపారికి ఇంకో లెక్క ఉంటుంది. 80 కిలోల బస్తాలోంచి ఎంత పప్పు దిగుతుందో ముందే అంచనా కడతాడు, నాలుగు పిక్కలు కోసి చూస్తాడు. మొదటిది గ్రేడు, రెండోది దిగుబడి. బడుల ర్యాంకులన్నీ దాదాపు గ్రేడులే. తల్లిదండ్రులకు కావలసింది మాత్రం దిగుబడి: మన పిల్ల ఆ గేటు దాటి లోపలికి వెళ్లినప్పటికీ బయటికి వచ్చినప్పటికీ ఎంత ఎదిగింది అనేది.

"దేశంలో నంబర్ వన్" అని ఎవరు ఇచ్చారు?

బేనరు చూడగానే ముందు ఈ ప్రశ్న వెయ్యాలి. మన దేశంలో ఉన్నత పాఠశాలలన్నిటినీ వరసపెట్టి జాతీయ ర్యాంకులిచ్చే ప్రభుత్వ పట్టిక లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే మాట వినే ఉంటారు. 2015లో కేంద్రం మొదలుపెట్టింది, తొలి జాబితా 2016లో వచ్చింది. అది విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు. బడులకు దానితో సంబంధం లేదు. బడి చదువుకు కేంద్రం ఇచ్చేది పెర్ఫార్మెన్స్ గ్రేడింగ్ ఇండెక్స్. అది రాష్ట్రాలకు, జిల్లాలకు ఇస్తారు. జిల్లాల లెక్కలో మొత్తం 600 పాయింట్లు ఉంటాయి. అందులోనూ ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టరు. దక్ష్, ఉత్కర్ష్ లాంటి పేర్లతో అంచెలుగా విడదీస్తారు. ఫలానా మండలంలో ఫలానా బడి అని అది వేలెత్తి చూపదు.

మరి బేనరు మీది ర్యాంకు ఎక్కడిది? చాలావరకు ప్రైవేటు పత్రికల సర్వేలది. ఎడ్యుకేషన్ వరల్డ్ అనే పత్రిక 2007 నుంచి ఏటా బడులకు ర్యాంకులిస్తోంది. తల్లిదండ్రులను, టీచర్లను, ప్రిన్సిపాళ్లను అడిగి, టీచర్ల సామర్థ్యం, వసతులు, ఆటలు, నాయకత్వం వంటి అంశాల మీద వాళ్ల అభిప్రాయాలకు మార్కులు వేసి కూడతారు. అది అభిప్రాయ సేకరణ. తప్పేమీ లేదు, పేరు ప్రతిష్ఠలు కూడా ఒక సమాచారమే. అయితే పేరు వినిపించే బడికే అందులో ఓటు పడుతుంది. వజ్రపుకొత్తూరు తీరంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పేరు ఢిల్లీలోనో బెంగళూరులోనో ఎవరు విన్నారు? వినని బడి చెడ్డదనడానికి లేదు.

ఇంకో కిటుకు ఉంది. "జాతీయ ర్యాంకు" అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద చిన్న అక్షరాల్లో విభాగం, ప్రాంతం, సంవత్సరం రాస్తారు. "ఫలానా జిల్లాలో, ఫలానా రకం బడుల్లో, వసతుల విభాగంలో మూడో స్థానం" అన్నది బేనరు ఎక్కేసరికి "నంబర్ 3" అయిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ కింది వరస చదవండి.

టెక్కలి నుంచి టెక్సాస్ దాకా

మన జిల్లా నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఇల్లు కొనేముందు పడకగదులకంటే ముందు చూసేది దగ్గర్లోని బడి రేటింగు. గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఒకటి నుంచి పది దాకా ఇచ్చే అంకె, ఇళ్లమ్మే వెబ్‌సైట్లలో ధర పక్కనే కనబడుతుంది. అక్కడ హైస్కూళ్లకు దేశవ్యాప్త ర్యాంకులు నిజంగానే ఉన్నాయి. అవి ఎలా కడతారో తెలుసుకుంటే మన ఊళ్లో వాడుకోవడానికి పనికొచ్చే పాఠం దొరుకుతుంది.

న్యూస్‌వీక్ పత్రిక 1998లో జే మాథ్యూస్ అనే విలేకరి తయారుచేసిన సూత్రంతో హైస్కూళ్లకు ర్యాంకులు వేసింది. బడిలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లాంటి కాలేజీ స్థాయి పరీక్షలు ఎన్ని రాశారు, దాన్ని ఆ ఏడు చదువు ముగించే పిల్లల సంఖ్యతో భాగిస్తే ఎంత. అంతే. రాసినవాళ్లు పాసయ్యారా లేదా అన్నది లెక్కలో లేదు. పేదపిల్లల బడులు కూడా కష్టమైన చదువుకు తలుపు తెరవాలన్నది ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ "దేశంలో గొప్ప హైస్కూళ్లు" అన్న శీర్షిక చదివిన తల్లికి ఆ భాగహారం సంగతి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఎక్కువగా వినిపించేది యూఎస్ న్యూస్ పత్రిక జాబితా. అందులో కాలేజీకి సిద్ధపడటానికి 30 శాతం, రాష్ట్ర పరీక్షల్లో వచ్చిన ఫలితానికి 20, పిల్లల నేపథ్యాన్ని బట్టి రావలసినదానికంటే ఎంత ఎక్కువ వచ్చిందనేదానికి 20, వెనకబడిన వర్గాల పిల్లల ఫలితానికి 10, కాలేజీ స్థాయి పాఠాల విస్తృతికి 10, చదువు పూర్తి చేసినవాళ్ల శాతానికి 10 వేస్తారు. మూడో అంశం చూశారా? మన బల్ల దగ్గరి ఆమె చెప్పిన దిగుబడి అదే. ఇంగ్లండ్‌లో 2016లో ప్రోగ్రెస్ 8 అనే లెక్క పెట్టారు. ప్రాథమిక చదువు ముగిసినప్పుడు పిల్ల ఎక్కడుంది, పదహారేళ్లకు ఎక్కడికి చేరింది, అలాగే బయల్దేరిన మిగతా పిల్లలతో పోలిస్తే ఎంత ముందుంది అని చూసే లెక్క అది.

ర్యాంకు అంటే ఎవరో కూర్చుని దేనికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చిన తర్వాత వచ్చే అంకె. ఆ 30ని 10 చేసి, ఆ 10ని 30 చేస్తే వరస మారిపోతుంది. బడిలో ఒక్క బెంచీ కూడా కదలదు.

మన దగ్గర ర్యాంకంటే పదో తరగతి

పలాస చుట్టుపక్కల ఉద్దానంలో బడి పరువు పదో తరగతి ఫలితాల రోజున తేలుతుంది. 2012 నుంచి కొన్నాళ్లు గ్రేడ్ పాయింట్లు నడిచాయి. 2022 ఫలితాల నుంచి మళ్లీ మార్కులొచ్చాయి. మార్కులతోపాటే ప్రకటనల గోల తిరిగొస్తుందని, ర్యాంకులు ప్రకటించుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కోచింగ్ సంస్థల తప్పుదారి ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో బొమ్మ వేసిన విద్యార్థి అక్కడ ఏ కోర్సు చదివాడో దాచకూడదనేది అందులో ఒకటి. ఉత్తర్వులు ఉన్నాయి సరే, ఆటో వెనక బేనర్లు కూడా ఉన్నాయి. కాబట్టి లెక్క మనమే నేర్చుకోవాలి. ఇందులో నాలుగు మెలికలున్నాయి.

*మొదటి మెలిక: కింద వేసిన అంకె.* ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఒక బడిలో తొమ్మిదో తరగతిలో 40 మంది. చదువులో వెనకబడ్డ పదిమంది తల్లిదండ్రులను పిలిచి "ఇక్కడైతే ఫెయిలవుతాడు, టీసీ పట్టుకెళ్లండి" అన్నారు. పదిలో 30 మంది రాశారు, 30 మందీ పాస్. నూటికి నూరు! ఇంకో బడిలో తొమ్మిదిలో 60 మంది. ఎవర్నీ పంపలేదు. ఇద్దరు వలస వెళ్లిపోగా 58 మంది రాశారు, 52 మంది పాస్. దాదాపు 90 శాతం. పేపర్లో మొదటి బడి గొప్పది. ఇప్పుడు తొమ్మిది నుంచి లెక్కపెట్టండి. మొదటి బడి 40లో 30, అంటే 75 శాతం. రెండోది 60లో 52, అంటే దాదాపు 87. కింద వేసిన అంకె మారేసరికి వరస తలకిందులైంది.

*రెండో మెలిక: చిన్న బడి.* పదిమంది రాసే బడిలో ఒక పిల్ల ఫెయిలైతే పది శాతం పడిపోతుంది. వందమంది రాసే బడిలో అదే పిల్ల వల్ల తగ్గేది ఒక్క శాతం. మత్స్యకార గ్రామంలో చిన్న బడి ఒక ఏడు మండలంలో మొదట, మరుసటి ఏడు చివర నిలిచిందంటే టీచర్లు రాత్రికి రాత్రి మారిపోయారని కాదు. అందుకే ఒక్క ఏడాది ఫలితం ఎప్పుడూ నమ్మకండి. మూడేళ్లవి కలిపి చూడండి.

*మూడో మెలిక: ఆ ఏటి గాలి.* రాష్ట్రంలో పది పాసైనవాళ్లు 2023లో 72.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. రాష్ట్రంలోని బడులన్నీ ఒక ఏడు గొప్పవైపోయి, మరుసటి ఏడు చెడిపోయాయా? ప్రశ్నపత్రం, మూల్యాంకనం, ఆ బ్యాచ్ అన్నీ కలిసి ఆ అంకెను కదిలిస్తాయి. 2023లో 80 శాతం తెచ్చుకున్న బడి రాష్ట్ర సగటుకు పైనుంది. 2024లో 84 తెచ్చుకున్నా సగటుకు కిందే. బడి అంకె పక్కన ఆ ఏటి రాష్ట్ర అంకె రాసుకోకపోతే పెరిగిందో తగ్గిందో తెలియదు.

మన పక్క జిల్లా సంగతి చూడండి. గిరిజన గ్రామాలు ఎక్కువగా ఉన్న పార్వతీపురం మన్యం ఆ మూడేళ్లూ వరసగా రాష్ట్రంలో మొదటి స్థానం. 2024లో 96.37 శాతం. పేరున్న కార్పొరేట్ బడులు కిక్కిరిసిన జిల్లాలు దాని వెనకే. ఇందులో రెండు సంగతులున్నాయి. వెనకబడిన జిల్లా అని మనం అనుకునేచోట పిల్లలను గట్టెక్కిస్తున్నారు, అది మెచ్చుకోవాలి. పాస్ శాతం కొలిచేది పాస్ మార్కుల గడప దాటినవాళ్లను, అది గుర్తుంచుకోవాలి. 600కు 590 తెచ్చుకున్న ఒక్క పిల్ల ఫొటో ఒక కొలత, గడప దాటిన అందరి లెక్క ఇంకో కొలత. మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి.

*నాలుగో మెలిక: లోపలికి వచ్చింది ఎవరు?* వెన్నెలవలసలో మన జిల్లా నవోదయ విద్యాలయం ఉంది. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను తీసుకుంటారు. అక్కడ ఫలితాలు బాగుంటే అందులో టీచర్ల కష్టం ఉంది, వడపోత భాగమూ ఉంది. ఊళ్లో ఉన్నత పాఠశాల ఎవరినీ వడపొయ్యదు. గేటు ముందుకొచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకుంటుంది. ముందే గ్రేడు చేసిన గింజల బస్తాను, తోటలోంచి నేరుగా వచ్చిన బస్తాను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ర్యాంకుకు కనబడనిది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. కరెంటు లేదు, నీళ్లకు క్యూలు. ఆ ఏడు పదో తరగతి చదివిన ఉద్దానం పిల్లలు మార్చిలో రాసింది రాష్ట్రమంతా రాసిన పేపరే. ఫలితాల పట్టికలో "తుపాను" అనే గడి లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో తండ్రిని డయాలసిస్‌కు తీసుకెళ్లి వచ్చి పుస్తకం తెరిచే పిల్లకు కూడా వేరే గడి లేదు. ఆ పిల్ల తెచ్చుకున్న 410 మార్కుల వెనక బడి పనితనం ఎంతో ఏ బేనరూ చెప్పదు.

ఈ తేడాను గుర్తించిన లెక్క మన రాష్ట్రంలోనే ఒకటుంది. పదో తరగతి మార్కులతో సీట్లిచ్చే ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు. మనకు ఎచ్చెర్లలో క్యాంపస్ ఉంది. హాస్టల్ లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ బడుల్లో చదివిన పిల్లలకు డిప్రివేషన్ స్కోరని 4 శాతం కలుపుతారు. ఒకే మార్కుల వెనక ఒకే కష్టం ఉండదని ఒప్పుకోవడం అది. ర్యాంకు మోజులో ఊరి బడి మాన్పించి పిల్లను ప్రైవేటులో వేసే ముందు, ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఈ నిబంధన ఒకసారి చదవండి. ఒకటి రెండు మార్కుల దగ్గర సీటు తారుమారయ్యేచోట 4 శాతం చిన్నదేమీ కాదు.

చేతిలో కాగితం పట్టుకుని అడగవలసిన ఆరు ప్రశ్నలు

ఒకటి. తొమ్మిదిలో ఎంతమంది, పదిలో ఎంతమంది? గత మూడేళ్లకూ చెప్పమనండి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్లో ఆ బడి రిపోర్టు కార్డు ఎవరైనా చూడొచ్చు. తరగతివారీ పిల్లల సంఖ్య, టీచర్లు, మరుగుదొడ్లు, తాగునీరు అన్నీ ఉంటాయి. ఫోన్‌లో చూడటం రాకపోతే ఇంటర్ చదివే పక్కింటి అమ్మాయిని అడగండి.

రెండు. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు చెప్పేవాళ్లు ఈ ఏడు ఉన్నారా? పోస్టు ఖాళీగా ఉందా? ఏడాదిలో ఎన్నిసార్లు మారారు? గోడమీది టాపరుకు పాఠం చెప్పిన మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారో లేదో అడగడం ఎవరూ తప్పు పట్టరు.

మూడు. నిరుడు 35 నుంచి 50 మార్కుల మధ్య ఎంతమంది ఉన్నారు, వాళ్ల కోసం ఏం చేశారు? బడి గుణం పైనున్న ఇద్దరిలో కంటే చివరి బెంచీలోనే తెలుస్తుంది. మన పిల్లల్లో ఎక్కువమంది ఉండేది మధ్యలోనే కదా.

నాలుగు. దిద్దిన నోటు పుస్తకం ఒకటి చూపించమనండి. ఫార్మేటివ్ పరీక్షలో పిల్ల తప్పు రాసినచోట ఎర్ర గీత ఒక్కటే ఉందా, సరైన దారి కూడా రాసి ఉందా? రెండు నిమిషాల పని. పది బేనర్లకంటే ఎక్కువ చెబుతుంది.

ఐదు. దూరం ఎంత? పొద్దున్నే వ్యానెక్కి రాత్రి ఏడింటికి దిగే పిల్ల పుస్తకం పట్టేది ఎప్పుడు, ఆడుకునేది ఎప్పుడు? రోజుకు రెండు గంటల ప్రయాణాన్ని ఏ ర్యాంకూ లెక్కలో వెయ్యదు.

ఆరు. మా పిల్లకు ఏం కావాలి? ఇది బడిని అడిగేది కాదు, ఇంట్లో కూర్చుని పిల్లనే అడగాలి. ఆటలో ముందుండే పిల్లకు మైదానం లేని బడి, నెమ్మదిగా నేర్చుకునే పిల్లకు పదహారు గంటల స్టడీ అవర్లు, రెండూ నష్టమే. జీడిపప్పు ఆరబెట్టే బోర్మాలో వేడి మితిమీరితే ఏ గింజైనా ఎర్రబడుతుంది. ఎర్రబడిన గుండు ధర బజార్లో పడిపోతుందని పలాసలో అందరికీ తెలుసు. పిల్లల విషయానికొచ్చేసరికి ఎందుకో మరచిపోతాం.

ఇక ఆమె సంగతి

బల్ల దగ్గరి ఆమె మరుసటి వారమే పని మానుకుని ఒక పూట రెండు బడులకు వెళ్లిందట. మొదటి ప్రశ్నకు ఒకచోట "అవన్నీ మీకెందుకమ్మా, ఫీజు వాయిదాల్లో కట్టుకోవచ్చు" అన్నారు. ఇంకోచోట హెడ్మాస్టారు హాజరు పట్టీలు తీసి ముందు పెట్టారు. లెక్కల పోస్టు ఖాళీగా ఉందని కూడా ఆయనే చెప్పారు. ఆమె ఇంకా తేల్చుకోలేదు. "ఖాళీ ఉందని సెప్పినోడు అబద్ధమాడడు కదా మాస్టారూ, కానీ లెక్కలెవరు సెప్తారు?" అని నన్నడిగింది. మంచి ప్రశ్న. ర్యాంకు చూసి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

మీరూ ఈ ఆరు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసుకోండి. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. తరగతులు నడుస్తున్నప్పుడే, ఒక పనిదినాన, గంట కొట్టే వేళకు వెళ్లండి. సెలవుల్లో వెళ్తే చూడటానికి మిగిలేది బేనరు ఒక్కటే.